ముఖచూర్ణము: దాని ఎంపిక, వాడుక



ముప్పదియేండ్లకు పైగా పల్లెటూరి పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్న పండితుడు ముఖమునకు పూసికొను పౌడరును గూర్చి ప్రసంగింపబోవుచున్నాడనగా మీలో కొందఱికి నవ్వు రావచ్చును. రచ్చబండపై కూర్చున్న పెద్దలు "ఈయనకు చెప్పుటకు భారతము లేదా, భాగవతము లేదా" యని యనుకొనుటయు సహజమే. కొన్నియేండ్ల క్రిందటి వఱకు నేనును అట్టివాడనే. పౌడరు ఆడువారి అద్దపుబీరువాలోని వస్తువు, దాని జోలి మనకేల యని యుంటిని. కాని విచారించి చూడగా ఆ వస్తువు మన యిండ్లలో ఉయ్యాల మొదలు పెండ్లిపీట వఱకు వ్యాపించియున్నది. దానిని కొనుటకు సొమ్మిచ్చువారము మనము. పసిబిడ్డకు నీళ్ళుపోసిన వెంటనే "కాస్త పౌడరు చల్లండర్రా" యని కేకవేయు నోరును మన పెద్దల నోరే. కావున దాని సంగతి మనకు తెలిసియుండుట న్యాయము.

నాకు తెలిసిన విధము సంతోషకరమైనది కాదు. అయినను దానినే మొదట చెప్పెదను.

నాడు భోగిపండుగ. మా కుమార్తె తొమ్మిది నెలల బిడ్డతో పుట్టింటికి వచ్చియుండెను. వానికి తలంటిపోసి, సాంబ్రాణి ధూపము వేసి, ఒడలంతయు పౌడరు చల్లి, నా యొడిలో కూర్చుండబెట్టి ఆడువారు వంటయింటిలోనికి పోయిరి. వాడు ఏడ్వసాగెను. వానిని ఊరడించుటకై ప్రక్కనున్న పౌడరు డబ్బాను వాని చేతికిచ్చితిని. ఊపినపుడు లోపలి పొడి చేయు చప్పుడు వానికి వేడుకగా నుండెను. మూత బిగించియున్నదని తలచితినే కాని త్రిప్పి చూడనైతిని. వాడు దానిని నోటి కెత్తుకొనెను. ఒక్క క్షణములో ముఖమంతయు తెల్లబడెను. దగ్గు వచ్చెను. ఆ దగ్గు ఆగిపోయి, ఊపిరి అందక, పెదవులు నేరేడుపండు రంగునకు తిరిగెను. నా చేతులు కాళ్ళు ఆడలేదు. పొరుగింటి యువకుడు తన మోటారుసైకిలుపై బిడ్డను, తల్లిని ఎక్కించుకొని పట్టణపు ఆసుపత్రికి కొనిపోయెను. నేను వెనుక ఆటోలో పోయి చేరునప్పటికి వానికి ప్రాణవాయువు పెట్టియుండిరి.

రెండు రాత్రులు వానిని అచటనే యుంచిరి. బిడ్డ ఆడుకొనుచున్నాడు గదా, యింటికి కొనిపోయెదమనగా వైద్యుడు అంగీకరింపలేదు. ఆయన చెప్పిన కారణము మీరును వినదగినది. పాలు పొరబోయిన యెడల కొంత దగ్గినచో తేఱుకొనును. ఈ పొడి నీటిలో కరగునది కాదు. ఊపిరితిత్తులలోని సన్నని గొట్టముల లోపలి తడిని పీల్చి, వానిని మూసివేయును. దానిని కడిగి వెలికి దీయుటకు సులభోపాయము లేదు. ఒక్కొక్కప్పుడు మొదట బాగుగనే యున్నట్లు కనబడిన బిడ్డకు కొన్ని గంటలు గడచిన పిమ్మట ఆయాసము ముదురును. అందువలననే పిల్లల వైద్యులు పసివారికి పౌడరు వలదని చెప్పుచున్నారట. ఈ మాట నా చెవిని పడుటకు అంత కష్టము రావలసివచ్చెను. వాడు బ్రతికెను. తప్పు డబ్బాది కాదు, నాది.

ఇంటికి వచ్చిన పిమ్మట అసలు ఆ పొడి యేమో తెలిసికొనవలెనని పట్టుదల కలిగెను. డబ్బాపై సన్నని యక్షరములలో మొదటి పేరు "టాల్క్" అని యుండెను. అది యేమో యని విచారింపగా నవ్వును సిగ్గును కలిసి వచ్చెను. నేను జీవితమంతయు చేతబట్టిన వస్తువే అది. పిల్లలు పలకపై వ్రాయు బలపము ఏ రాతితో చేయుదురో ఆ బలపపురాయియు టాల్కును ఒకే జాతి. ఖనిజముల కాఠిన్యమును కొలుచుటకు 1812లో మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఏర్పఱచిన లెక్కలో వజ్రము 10, టాల్కు 1. అనగా అంతకంటె మెత్తని ఖనిజము ఆ లెక్కలోనే లేదు. మెగ్నీషియమను లోహము, ఇసుకకు మూలమైన సిలికా, కొంత నీరు కలిసి అది యేర్పడినది. తాటాకుల కట్టవలె పొర మీద పొరగా నుండి, పొరకు పొరకు నడుమ పట్టు మిక్కిలి తక్కువయగుటచే వ్రేళ్ళనడుమ జారును. ఆ జారుడు గుణమే చర్మమునకు హాయి. మనకది దూరదేశపు వస్తువు కాదు. రాజస్థానమున విస్తారముగా దొరకును. మన బేతంచెర్ల ప్రాంతమున ముద్దవరము వైపునను ఈ రాయి కలదు.

ఇక చిక్కు ఎచట నున్నదనగా, భూమిలో టాల్కు పుట్టు చోట్లనే రాతినార పుట్టుటయు కలదు. పులివెందుల ప్రాంతమున ఒకప్పుడు త్రవ్విన రాతినార అదియే. రేకులలో కలిపెడివారు. దాని పోగులు కంటికి కనరానంత సన్ననివి. ఊపిరితో లోనికి పోయినచో బయటికి రావు. ఇరువది ముప్పది యేండ్ల పిమ్మట ఊపిరితిత్తులకును వాని పైపొరకును పుట్టకురుపు కలిగించును. గనిలో శ్రద్ధ లేక త్రవ్విన టాల్కులో ఆ పోగులు కలిసియుండు ప్రమాదము కలదు. రాతినార కలిసిన టాల్కు కాన్సరునకు నిశ్చయమైన కారణమని ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమందున్న అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ మునుపే తేల్చినది. 2024లో ఆ సంస్థ టాల్కునే మఱల పరిశీలించి, కాన్సరు కలిగించుట మిక్కిలి సంభవమను తరగతిలో చేర్చెను. ఈ తరగతులు సాక్ష్యమెంత గట్టిదో చెప్పునే కాని అపాయమెంత పెద్దదో చెప్పవు. కనుక నేడొకసారి పౌడరు పూసికొన్నవారు భయపడి మంచమెక్కవలసిన పని లేదు. అయితే లోకప్రసిద్ధమైన ఒక సంస్థ తన పసిపిల్లల పౌడరులో టాల్కును 2020లో అమెరికా, కెనడా దేశములందును, 2023లో తక్కిన లోకమందును మానివేసి మొక్కజొన్నపిండి వాడనారంభించిన దనుట గమనింపదగినది. స్త్రీలు మర్మస్థానములందు పౌడరు చల్లుకొను అలవాటును మానుకొనవలెను. సభలో చెప్పుటకు సంకోచించు మాటయే యైనను, చెప్పకపోవుట వలన నష్టము ఎక్కువ.

మొక్కజొన్నపిండి మేలనుటచే దానిని బిడ్డపై గుప్పింపరాదు. ఊపిరితిత్తిలో పిండియైనను పొడియే. బిడ్డకు నీళ్ళుపోసిన పిమ్మట మెత్తని పాతపంచెతో మెడమడతలును చంకలును తొడలసందులును తడిలేకుండ ఒత్తిన చాలును. మన అవ్వలు పౌడరు డబ్బా రాకముందు చేసిన పని అదియే.

ముఖమునకు పొడి యద్దుట పాశ్చాత్యుల వలన మనకు వచ్చిన వ్యసనమని కొందఱు పెద్దలందురు. అది సరికాదు. అలకాపురి స్త్రీలు లొద్దుగపూల పుప్పొడిచే ముఖమునకు తెల్లదనము తెచ్చుకొనుచుండిరని కాళిదాసు మేఘదూతమున చెప్పియున్నాడు. వరాహమిహిరుడు బృహత్సంహితలో నక్షత్రములును వానలును చెప్పుచు నడుమ గంధయుక్తి యని సుగంధద్రవ్యముల కూర్పునకు ఒక యధ్యాయమే కేటాయించెను. మన యిండ్లలోని సున్నిపిండి, పసుపు, మంచిగంధము ఆ సంతతివే. అలంకారము తప్పని నేననను. ముఖమునకు ఏది పూయుచున్నారో తెలియకుండ పూయుట తప్పు.

తెలియక పూసినవారి కథలు లోకమున పెక్కులు గలవు. సీసపు రేకులను పుల్లని కాడిపై నుంచగా వానిపై పట్టు తెల్లని పొడిని గ్రీకులనాటి నుండియు ముఖమునకు వాడిరి. ఇంగ్లండున కావెంట్రీ ప్రభుపత్ని సౌందర్యమునకు పేరుపడినది. ఆమె 1760లో చిన్న వయసుననే మరణింపగా, పూసికొన్న సీసపు తెలుపే కారణమని జనులు చెప్పుకొనిరి. జపాను దేశమున నాటకములలో స్త్రీవేషము వేయువారు ముఖమునకు, మెడకు దట్టముగా అదే తెలుపు పూసెడివారు. 1887లో చక్రవర్తి యెదుట ఆడుచున్న నకమురా ఫుకుసుకే అను నటునకు రంగస్థలముపైననే కాళ్ళు వణకనారంభించెను. అది సీసపు విషమని తేలెను. ఇంతకంటె దారుణమైనది మఱియొకటి కలదు. ఆ దేశమున చంటిపిల్లలకు మెదడు సంబంధమైన యొక వ్యాధి వచ్చుచుండెను. కారణము తెలియక వైద్యులు తికమకపడుచుండగా, క్యోటో విశ్వవిద్యాలయమున ఆచార్యుడగు హిరాయి ఇకుటారో 1923లో దాని గుట్టు కనిపెట్టెను. అది తల్లులు పూసికొను పౌడరులోని సీసము. తల్లి ముఖమును మెడను ముద్దాడిన బిడ్డ నోటికి ఆ విషము పోవుచుండెను. తల్లికి సొగసు, బిడ్డకు మృత్యువు. ఆ పుట చదివిన రాత్రి భోగినాటి యా తెల్లని చిన్నముఖము నా కన్నులయెదుట నుండి కదలలేదు.

పరదేశీయుల మాట యటుండనిండు. మన వీథినాటకములందును కూచిపూడి వేషములందును ముఖమునకు పూసిన అరదళము యేమనుకొనుచున్నారు? హరిదళమను పసుపువన్నె రాయి, అనగా పాషాణమును గంధకమును కలిసినది. మా యూర వేషములు కట్టిన ఒక వృద్ధనటుడు తెల్లవారుజామున కొబ్బరినూనెతో ముఖము తుడుచుకొనుచు "మంటరా, పంతులూ, మంట" యనుట నా చిన్నతనమున విన్నాను. తెర వెనుకకు పోయి ఆయన ముఖమునకు నూనె తెచ్చి యిచ్చిన బాలుడను నేనే. ఆ మంట చెమట వలననని యనుకొంటిని. అట్లే సింధూరమను పేర నమ్ము ఎఱ్ఱని పొడులలో కొన్ని సీసము నుండి వచ్చినవే. నుదుటికి పెట్టుకొన దలచినవారు పసుపుకొమ్ములతో చేసిన కుంకుమ దొరకునేమో చూచుకొనుట మేలు. నేడు మన దేశమున రంగు కొఱకు సీసమునుగాని పాషాణమునుగాని అలంకారద్రవ్యములలో కలుపరాదని శాసనము కలదు. అయితే శాసనము లైసెన్సు గలవానికే తగులును. తిరునాళ్ళలో కాగితపు పొట్లములలోను, పేరులేని డబ్బాలలోను అమ్ము పొడిని తనిఖీ చేయువాడెవడు?

కాబట్టి కొనునపుడు మొదట చూడవలసినది వాసనయు కాదు, డబ్బాపై బొమ్మయు కాదు. చేసినవాని పేరు, ఊరు, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, ఎప్పటిలోపల వాడవలెనో ఆ నెల, అందు కలిపిన పదార్థముల పట్టిక ఉన్నవో లేవో చూడవలెను. ఆ పట్టిక ఇంగ్లీషున నుండును. బడికిపోవు మనుమరాలిచే చదివించుకొనుడు. ఏ పదార్థము ఎక్కువగా నున్నదో దాని పేరు ముందుండుట పద్ధతి. టాల్కు కాక, బియ్యపుపిండి, మొక్కజొన్నపిండి, కేయోలిన్ అను తెల్లని బంకమన్ను, తళుకు కొఱకు మైకా అనగా మన గూడూరు అభ్రకము, తెలుపునకు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, వన్నెకు ఇనుపతుప్పు జాతి రంగులు కనబడును. ఈ కడపటివి మన జేగురునకు చుట్టములు. భయపడవలసినవి కావు.

రంగు విషయమున నాకు గురువు మా కోడలు. మా బంధువులయింట పెండ్లిలో పెండ్లికూతురు చక్కని చామనచాయ పిల్ల. ఎవ్వరో ఆమెకు దంతపు తెలుపు పౌడరు దట్టముగా మెత్తిరి. మెడ ఒక రంగు, ముఖము మఱియొక రంగు. ఫొటోలలో ఆమె ముఖము విభూతి పూసినట్లుండెను. ఆడపిల్లలు నవ్విరి. ఆ పిల్ల కన్నుల నీరు నింపుకొనెను. "ఈ పౌడరు వలననే గదా యీ గతి" యని నేను విసుగుకొనగా మా కోడలు చెప్పెను: "మామయ్యగారూ, తప్పు పౌడరుది కాదండి. పౌడరు తెలుపు కోసం కాదు, ముఖం మీద జిడ్డు మెరుపు కనబడకుండా ఉండడానికి. మన రంగుకు తగ్గది తీసుకుంటే పూసినట్టే తెలియదు. రంగు మార్చుకోవాలని పూస్తే ఇలాగే అవుతుంది."

ఆమె మాటను పిమ్మట నేను పరిశీలించితిని. జింకును టైటానియమును ఎక్కువగా నున్న తెల్లని పొడి నల్లని చర్మముపై పడినపుడు బూడిదవన్నె కనబడుట సహజము. కొన్ని సన్నని సిలికా పొడులు కంటికి కనబడకున్నను కెమెరా మెఱుపు పడగానే తెల్లని మచ్చలుగా తేలును. కావున పొడిని అఱచేతిపై కాక దవడ ప్రక్క కొంచెము అద్ది, అంగడి దీపముక్రింద కాక వాకిట పగటివెలుతురున చూడవలెను. మెడలో కలిసిపోయినచో అది తగిన రంగు. పసుపుఛాయ గల చర్మమునకు గులాబివన్నె పొడి పొసగదు. అంగళ్ళలో పెట్టు రంగులు తెల్లనివారి కొఱకే యన్నట్లుండెడి కాలము కొంత గడచినది. నేడు నల్లనివారికి తగిన పొడులును దొరకుచున్నవి. ద్రౌపదికి కృష్ణయనునది పేరే గదా! ఆమె స్వయంవరమునకు రాజులందఱును వచ్చిరి. నల్లనిపిల్లను తెల్లగా చేయుమని మనమే పోరుపెట్టుచు, పిమ్మట పౌడరును నిందించుచున్నాము. ఈ తెల్లదనపు వెఱ్ఱిలో పాదరసము కలిసిన పూతలు కొని మూత్రపిండములు చెడగొట్టుకొన్నవారును కలరు. 2023లో కేరళలో మలప్పురము జిల్లాయందు వైద్యులు అట్టివారిని గుర్తించిరి.

వాడుక విషయము త్వరగా చెప్పెదను. ముఖము కడిగి, తడి యొత్తి, చర్మము పొడిబాఱు స్వభావము గలదైనచో ఏదైన తేమనిచ్చు పూత కొంచెము పూసి, అది యింకువఱకు తాళవలెను. తడిముఖముపై చల్లిన పొడి ముద్దలు కట్టును. తరువాత కుంచెనుగాని మెత్తని పఫ్‌నుగాని పొడిలో తాకించి, అదనపు పొడిని డబ్బా అంచున తట్టి, నుదురు, ముక్కు, గడ్డము వీనిపై ఒత్తవలెను. రుద్దరాదు. జిడ్డు తేలునది ఆ చోట్లనే. బుగ్గలకు అంత అక్కఱ లేదు. మా వయసువారి ముఖమునకు ఎంత తక్కువయైన అంత మంచిది. ముడుతలలో పొడి నిలిచి మన వయసునకు మఱి పదేండ్లు చేర్చును. విడిపొడికంటె బిళ్ళగా అదిమిన పొడి గాలిలో తక్కువగా ఎగురును. పిల్లలున్న యింటికి నేనదియే చెప్పుదును. పూయునపుడు ఊపిరి బిగబట్టి, కన్నులు మూసికొని, బిడ్డను వేఱుగదిలో నుంచవలెను. ఒకరి పఫ్‌ను మఱియొకరు వాడరాదు. దానిని వారమునకొకసారి సబ్బుతో ఉదికి ఎండలో ఆఱవేయవలెను. రాత్రి పండుకొనుటకు ముందు ముఖము తప్పక కడిగికొనవలెను. దురదగాని దద్దుగాని కనబడినచో ఆ డబ్బాను మానివేయవలెను. ఖర్చు పెట్టితిమి గదా యని దానిని చివరివఱకు వాడువారు మా యింటనే యున్నారు. పేరు చెప్పను.

మా మనుమనికి ఇప్పుడు నాలుగవ యేడు నడచుచున్నది. మొన్న వానికి అక్షరాభ్యాసము చేసితిమి. పలకపై ఓనమాలు దిద్దించుచుండగా వాడు బలపము కొన కొఱికి నోట నుంచుకొనెను. నేను వ్రేలు పెట్టి తీసితిని. పౌడరు డబ్బా మా యింట ఇప్పుడు బీరువాపై, నా చేతికే అందీ అందనంత యెత్తున నుండును. మా కోడలు దానిని తీసికొనుటకు ముక్కాలిపీట యెక్కవలెను. ఎక్కిన ప్రతిసారియు గొణుగుచునే యుండును.

సెలవు.